జినాయిదా గారి రెండో పుస్తకం

ఎటోబికో, టొరంటో,
18 నవంబర్ 2023, శనివారం.

పూజ్యులైన నాన్నగారికి,

మీ పెద్దమ్మాయి త్రిపుర నమస్కరించి రాస్తున్న ఉత్తరం. నేను క్షేమంగానే ఉన్నాను. మీరు, అమ్మ, తమ్ముడు కిరీటి క్షేమమని తలుస్తాను. ఎప్పుడూ "ఇక్కడ అందరం క్షేమం" అని మొదలుపెట్టేదాన్ని. ఈసారి నా ఒక్కదాని సంగతే రాయగలిగాను. మా బేస్‌మెంట్‌లో నాతోపాటు ఉండే సాత్విక ఆస్పత్రిలో ఉంది. అపెండిక్స్ పగిలింది. మంగళవారం సాయంత్రం ఆపరేషన్ చేశారు. నాలుగు రోజులైనా పిల్ల ఇంకా మగతలోనే ఉంది. నన్ను చూసి ఒకసారి "అమ్మా" అంటుంది, ఒకసారి అసలు చూడదు. ఆమె వార్డు బయట కుర్చీలో కూర్చుని, ఒళ్ళో కాలేజీ నోటుబుక్కు పెట్టుకుని రాస్తున్నాను. అక్షరాలు వంకరపోతే చలి వల్ల అనుకోకండి. లోపల వెచ్చగానే ఉంది.

ఫోన్ చేయొచ్చు కదా అంటారు. మీరు ఫోన్ స్పీకర్‌లో పెట్టి, కొట్లో సూది కోసం బల్ల మీద కూర్చున్నవాళ్ళందరికీ వినిపిస్తారు. పోయిన నెల నా కడుపు సంగతేదో అమ్మతో చెప్పుకుంటే, ఎవరో పెద్దావిడ మధ్యలో అందుకుని త్రిఫల చూర్ణం వాడమంది. ఇది అలా వినిపించే ఉత్తరం కాదు. మీరొక్కరే చదవండి. పైన ఉండే ఇంటి ఓనరు యోగానంద్ అంకుల్ వాళ్ళ అత్తగారు బుధవారం విజయవాడ బయలుదేరుతున్నారు. ఆవిడ చేతికి ఇచ్చి పంపుతాను.

సెప్టెంబరులో ఇక్కడికి చదువుకి వచ్చిన అచ్యుత్ తెచ్చిన మీ ఉత్తరం, కందిపొడి, మందుల కవర్లు అన్నీ అందాయి. జవాబు ఆలస్యమైంది, కోప్పడకండి. అమ్మ అడిగినవాటికి ముందు చెబుతాను. కోటు కొన్నాను. మోకాళ్ళ కింద దాకా ఉంటుంది, వేసుకుంటే బొంత నడిచి వచ్చినట్టు ఉంటానని అమృత ఏడిపిస్తుంది. అమృత అంటే మాతో ఉండే రాజమండ్రి అమ్మాయి. అన్నం రోజూ తింటున్నాను. వృద్ధాశ్రమంలో పని కష్టమేమీ కాదు, ముసలివాళ్ళకి స్నానం చేయించడం, తినిపించడం. కాలేజీలో ఈ కోర్సు ఏప్రిల్‌కి అయిపోతుంది. ఆస్పత్రి ఆఫీసు పనులకి సంబంధించిన చదువు ఇది. డాక్టరు చదువు కాదు. మీరు ఊళ్ళో వాళ్ళకి ఏమని చెబుతున్నారో నాకు తెలుసు. ఇకనైనా ఉన్నది ఉన్నట్టు చెప్పండి నాన్నా.

ఇక మీరు అడిగిన పెద్ద ప్రశ్న. "రష్యాలో డాక్టరు కానివాళ్ళు పల్లెల్లో వైద్యం చేస్తారనీ, సర్కారే వాళ్ళకి చదువు చెప్పి కొలువిస్తుందనీ అన్నావు కదా. వాళ్ళనేమంటారు, ఏమేం చేయనిస్తారు, వివరంగా రాయి. డిసెంబరు పదిన మా గ్రామీణ వైద్యుల సంఘం సభలో నేను మాట్లాడాలి" అని రాశారు. ఆ వాక్యం చదివినప్పుడు నవ్వొచ్చింది, ముచ్చటేసింది కూడా. ఇప్పుడు దానికి జవాబు రాయడం ఎంత కష్టంగా ఉందో చెప్పలేను. అయినా రాస్తాను, అడిగింది మీరు కదా.

వాళ్ళని ఫెల్డ్‌షర్ అంటారు. పదో తరగతి స్థాయి అయ్యాక దాదాపు నాలుగేళ్ళ చదువు. డాక్టరూ కాదు, నర్సూ కాదు, మధ్యలో మనిషి. నూటయాభై ఏళ్ళ కిందట పల్లెలకి డాక్టర్లు చాలక, సైన్యంలో గాయాలకి కట్లు కట్టి వచ్చినవాళ్ళనే ఊళ్ళలో పెట్టారట. అలా మొదలై ఇప్పటికీ నడుస్తోంది. ఊరికో చిన్న ఇల్లు, అందులో ఒక మంచం, టీకాల ఫ్రిజ్, మందుల బీరువా. జ్వరాలు చూస్తారు, సూదులు వేస్తారు, కట్లు కడతారు, కడుపుతో ఉన్నవాళ్ళని ప్రతి నెలా చూస్తారు, అవసరం పడితే పురుడు పోస్తారు. రాలేనివాళ్ళ ఇంటికి వీళ్ళే నడిచి వెళ్తారు. పెద్ద డాక్టరు జిల్లా ఆస్పత్రిలో ఉంటాడు, ఫోన్‌లో దొరుకుతాడు. వాళ్ళ సంతకానికి విలువ ఉంది. వాళ్ళ మీద పైవాళ్ళ తనిఖీ కూడా ఉంది.

నేను అక్కడ మెడిసిన్ మూడో సంవత్సరం అయ్యాక వేసవిలో అలాంటి చోటే నెలన్నర పనిచేశాను. నన్ను పెట్టింది జినాయిదా ఫ్యోదొరోవ్నా గారి దగ్గర. అరవై ఒక్కేళ్ళ మనిషి, నా భుజం దాకా ఉంటుంది, గొంతు మాత్రం మన మిల్లు సైరను. నాలుగు వందల మంది ఉన్న ఊరికి ముప్పై ఎనిమిదేళ్ళుగా ఆవిడే దిక్కు. నా పూర్తి పేరు నోరు తిరగక, మొదటి ముక్కే పట్టుకుని "బాలా" అనేది. ఆవిడ సూది వేస్తుంటే నాకు మీరే గుర్తొచ్చేవారు, నిజం. ముందు చర్మాన్ని రెండుసార్లు తట్టి, ఏదో ఒక మాట అడిగి, వాళ్ళు జవాబు చెప్పేలోపే పని కానిచ్చేసేది.

కానీ ఆవిడ దగ్గర మీ దగ్గర లేనిదొకటి ఉంది. బల్ల మీద రెండు లావుపాటి పుస్తకాలు ఉండేవి. ఒకదాంట్లో ఎవరొచ్చారు, ఏమిచ్చింది. రెండోదాంట్లో ఎవరిని పంపించింది. పేరు, నొప్పి ఎప్పుడు మొదలైంది, తను ఏమిచ్చింది, ఎన్ని గంటలకి ఇచ్చింది, అంబులెన్స్ బండిని ఎప్పుడు పిలిచింది, చివరికి ఆస్పత్రిలో ఏం తేలింది. ఆ రెండో పుస్తకం కాపీ ఒకటి మనిషితో పాటే బండెక్కాలి. చేతికి కాగితం ఇవ్వకుండా రోగిని పంపితే పైవాళ్ళు నిలదీస్తారు. ఆవిడ ప్రతి సోమవారం కళ్ళజోడు పెట్టుకుని పాత పేజీలు తిరగేసేది.

ఒకరోజు నాకు 1994 నాటి పేజీ ఒకటి చూపించింది. ఒక ట్రాక్టరు డ్రైవరు, కడుపునొప్పి. కింద నాలుగు ముక్కలు రాసుకుంది: సూది వేశాను. నొప్పి తగ్గింది. నేను సంతోషించాను. పద్దెనిమిది గంటలు ఆలస్యం. ఆ మనిషి బతకలేదు. "చదివావా? మళ్ళీ చదువు" అంది. తర్వాత నన్ను మంచం మీద పడుకోబెట్టి, నా కడుపు నొక్కి చూపిస్తూ చెప్పింది. కడుపు గట్టిపడితే బిళ్ళ ఇవ్వకు, వేడి కాపడం పెట్టకు, తిండి పెట్టకు, ఐసు పెట్టి బండిని పిలువు. "నొప్పి ఉన్నట్టుండి పోయిందని చెబితే నవ్వకు బాలా. బూట్లు తొడుక్కుని పరిగెత్తు."

ఇంత బాగా తెలిసినదాన్ని నేను. రష్యన్‌లోనూ తెలుసు, తెలుగులోనూ తెలుసు.

నాన్నా, ఇక్కడ మా ఇంట్లో నన్ను డాక్టరక్క అంటారు. యుద్ధం వచ్చి, అమ్మ భయపడి, నాలుగో ఏడాది మధ్యలో నేను వచ్చేసిన సంగతి అందరికీ తెలుసు. అయినా అంటారు. ఇక్కడ మా పిల్లల్లో ఎవరికీ ఫ్యామిలీ డాక్టరు లేరు. ఎమర్జెన్సీకి వెళ్తే ఒక పూటంతా కుర్చీలో కూర్చోవాలి, షిఫ్ట్ పోతుంది. కాలేజీ ఇచ్చిన ఇన్సూరెన్స్ కార్డు ఉంది, దాంతో ఏం చేయాలో సగం మందికి తెలియదు. కానీ ప్రతి ఒక్కరి సూట్‌కేసులో ఇంటి నుంచి కట్టి పంపిన మందుల కవరు ఉంటుంది. అన్నీ కలిపి ఒక బిస్కెట్ల డబ్బాలో పోశాం. మీరు పంపినవి పైన ఉంటాయి, మీ చేతిరాతతో, జ్వరానికి, విరేచనాలకి, నొప్పికి, గొంతుకి అని. ఆదివారం వస్తే మా వంటగది బల్ల దగ్గర నా ఓపీ. పక్కింటి బేస్‌మెంట్ అబ్బాయిలు గోడౌన్‌లో బరువులెత్తి నడుం పట్టుకుపోయిందని వచ్చేవాళ్ళు. మీ కొట్టుకి కెనడాలో బ్రాంచి తెరిచినట్టే ఉండేది. నాకు అది ఇష్టంగా ఉండేది నాన్నా. చాలా ఇష్టంగా ఉండేది. పోయిన చదువు వారానికోసారి నాకు తిరిగొచ్చినట్టు ఉండేది.

పోయిన ఆదివారం దీపావళి. అమృత బొబ్బట్లు చేసింది, నేను బజ్జీలు వేశాను. మధ్యాహ్నం సాత్వికకి బొడ్డు దగ్గర నొప్పి మొదలైంది. నిజామాబాద్ పిల్ల, ఇరవై రెండేళ్ళు, ఏదైనా నవ్వుతూనే చెబుతుంది. "అక్కా, నీ బజ్జీలు నా కడుపుల పటాకులు కాలుస్తున్నయ్" అంది. అందరం నవ్వాం. ఒకసారి వాంతి చేసుకుంది. నేను పొట్ట నొక్కి చూశాను, మెత్తగానే ఉంది. డబ్బాలోంచి ఒక నొప్పి బిళ్ళ ఇచ్చాను. వేడినీళ్ళ సంచి పెట్టాను. తగ్గింది, పడుకుంది. నేను సంతోషించాను.

సోమవారం నొప్పి కుడిపక్క కిందికి దిగింది. నాకు తెలియలేదని మీతో అబద్ధం చెప్పను. తెలిసింది. పొద్దున ఆమె మెట్టు ఎక్కలేక నడుం వంచి నిలబడ్డప్పుడే తెలిసింది. "హాస్పిటల్‌కి పోదామే" అన్నాను. "వద్దక్కా, రేపు మిడ్‌టర్మ్ ఉన్నది. గోలీ ఇయ్యి, రాసినంక పోదాం. నువ్వున్నవ్ గద" అంది. ఆ చివరి మాటకి పడిపోయాను. నేనున్నాను కదా. మళ్ళీ బిళ్ళ ఇచ్చాను, ఆరు గంటలకొకటి అనుకున్నది నాలుగు గంటలకే ఇచ్చాను, రాత్రి పొద్దుపోయాక రెండేసి ఇచ్చాను. ఒళ్ళు వెచ్చబడితే మీరు గొంతుకని రాసి పంపిన యాంటీబయాటిక్ కూడా మొదలుపెట్టాను. ఏమీ తినలేదు, నీళ్ళు కూడా సరిగ్గా తాగలేదు, వట్టి కడుపు మీద అన్ని మాత్రలు.

మంగళవారం పొద్దున తొమ్మిది గంటలకి సాత్విక లేచి కూర్చుంది. "అక్కా, నొప్పి పోయింది! మొత్తమే పోయింది!" అంది. నేను నవ్వాను నాన్నా. ఆమెని కావలించుకుని నవ్వాను. టీ పెట్టి ఇచ్చి, నా క్లాసుకి వెళ్ళిపోయాను.

బస్సులో సగం దూరం వెళ్ళాక గుర్తొచ్చింది, జినాయిదా గారు నవ్వవద్దన్నది, నొప్పి అలా పోతే లోపల పగిలినట్టేనని. తర్వాతి స్టాపులో దిగి, ఎదురు బస్సు దొరక్క, రోడ్డు వెంట పరిగెత్తుకుంటూ వచ్చాను. అప్పటికే పిల్ల పళ్ళు కొట్టుకుంటూ వణికిపోతోంది. పొట్ట చెక్కలా ఉంది. యోగానంద్ అంకుల్ ఇంటి నుంచే పనిచేస్తారు కాబట్టి దొరికారు. అంబులెన్స్ కోసం ఆగకుండా ఆయనే కారు తీశారు.

కారులో అంకుల్ నాతో మెల్లిగా అన్నారు, "చూడమ్మా త్రిపురా, అక్కడ ఏం మందులు వేసుకుందని అడుగుతారు. నువ్వేమీ ఇచ్చినట్టు చెప్పకు. ఇక్కడ లైసెన్సు లేకుండా మందివ్వడం నేరం. నీ స్టడీ పర్మిట్, రేపు ఇక్కడే ఉండిపోవడానికి పీఆర్, అన్నీ పోతాయి. ఇల్లు నాది, నాకూ చుట్టుకుంటుంది. ఏమీ తెలియదను." ఆయన చెడ్డవాడు కాదు. ముందు సిగ్నల్ కూడా చూడకుండా నడుపుతున్నాడు పాపం. నేను తలూపాను.

ఎమర్జెన్సీలో నర్సు అడిగింది. ఏమీ లేదన్నాను. ఆపరేషన్ ముందు మళ్ళీ అడిగారు. ఒక మామూలు జ్వరం బిళ్ళ అన్నాను.

ఇక్కడ కూడా డాక్టరు కాని మనిషి ఒకరు ఉన్నారు నాన్నా, మీ సభకి పనికొస్తుందేమో రాసుకోండి. ఫిజీషియన్ అసిస్టెంట్ అంటారు. పేరు డెనీస్, నల్లావిడ, జమైకా నుంచి వచ్చిన కుటుంబమట. రోజూ రెండుసార్లు వచ్చి సాత్వికని పరీక్ష చేసేది, కుట్లు చూసేది, మందులు రాసేది ఆవిడే. సర్జన్ కనిపించేది కాసేపు. బుధవారం ఆవిడ నాతో అన్న మొదటి మాట, "నేను డాక్టర్ని కాదు, డాక్టరుగారి కింద పనిచేస్తాను. నాకు తెలియంది ఆయన్ని అడుగుతాను." మెడలో కార్డు మీద కూడా అదే పెద్ద అక్షరాల్లో ఉంది. మన కొట్టు బోర్డు మీద డాక్టర్ కేశవరావు అని మూరెడు అక్షరాలు, ఆర్.ఎం.పి. అని చీమల్లాంటి అక్షరాలు ఉంటాయి కదా. ఆ బోర్డు రాయించిన రోజు నేనూ గర్వంగా నిలబడి ఫోటో దిగాను.

గురువారం డెనీస్ నా పక్కన కుర్చీలో కూర్చుంది. "ఆపరేషన్ బాగా అయింది. కానీ కిడ్నీలు మొరాయిస్తున్నాయి. మూత్రం తగ్గిపోతోంది. ఇన్ఫెక్షన్ వల్లే అయితే ఈపాటికి దారిలో పడాలి. పరీక్షల్లో ఏ క్రిమీ పెరగడం లేదు, అదీ వింతగానే ఉంది. నొప్పి మాత్రలేమైనా వేసుకుందా? యాంటీబయాటిక్స్?" అంది. నా నోట్లోంచి "రెండో మూడో నొప్పి మాత్రలు, నాకు సరిగ్గా తెలియదు" అని వచ్చింది. పదకొండు నాన్నా. పదకొండు నొప్పి బిళ్ళలు, ఐదు యాంటీబయాటిక్స్. ప్రతిదీ నా చేత్తో ఇచ్చాను. నిన్న కూడా అడిగింది. నిన్న కూడా అదే చెప్పాను. అప్పటికి కిడ్నీ పరీక్షల నంబర్లు ఇంకా పెరిగాయి.

రోజూ పొద్దునే నిజామాబాద్ నుంచి సాత్విక వాళ్ళ అమ్మ పద్మ గారు ఫోన్ చేస్తారు. వీసా కోసం ఆవిడ, ఆవిడ భర్త ఆఫీసుల చుట్టూ తిరుగుతున్నారు. "బిడ్డా, నువ్వు డాక్టరువి పక్కన ఉన్నవనే నేను జర నిమ్మళంగ ఉన్న. లేకుంటే నా పానం ఆగకపోవు" అంటారు. నేను "అవునాంటీ, తగ్గిపోతుంది ఆంటీ" అంటాను. ఫోన్ పెట్టేశాక బాత్రూములోకి వెళ్ళి కుళాయి తిప్పి నిలబడతాను. ఇంత భయం నా జన్మలో ఎరగను. సాత్వికకి ఏమవుతుందోనని భయం. నాకేమవుతుందోనని భయం. రెండో భయం మొదటిదానికంటే ముందు లేచి నిలబడుతోంది చూడండి, అందుకు నన్ను చూస్తే నాకే అసహ్యం వేస్తోంది.

ఇలాంటి మాట ఎక్కడో విన్నాననిపించింది నిన్నంతా. "రెండో మూడో, సరిగ్గా తెలియదు." ఈ గొంతు నాకు తెలుసు. ఎవరిదో పొద్దున గుర్తొచ్చింది. అందుకే ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

రాఘవులు మీకు గుర్తున్నాడా నాన్నా? ఉండకుండా ఎలా ఉంటాడు. ఇటుకల బట్టీ రాఘవులు. నేను ఆరో తరగతి అయిన వేసవి సెలవులు, మీకు దూది అందిస్తూ కొట్లోనే ఉండేదాన్ని. కడుపు పట్టుకుని వచ్చాడు. మీరు సూది వేశారు, తగ్గిందన్నాడు. మళ్ళీ వచ్చాడు. మూడో రోజు ఆటోలో పెద్దాస్పత్రికి తీసుకుపోయారు. మధ్యాహ్నం వాళ్ళ అన్న శ్రీరాములు సైకిల్ మీద రొప్పుతూ వచ్చాడు. "కేశవరావు గారూ, ఏమేం సూదులేశారో కాయితమ్మీద రాసియ్యమంటన్నారండీ అక్కడ డాక్టర్లు. తొందరగా కావాలంట" అన్నాడు. నేను పరదా వెనక ఉన్నాను. మీరు, "నేనేం సూదులు వెయ్యలేదయ్యా. ఒక్క గ్యాసు బిళ్ళ ఇచ్చాను, అంతే" అన్నారు. శ్రీరాములు మీ మాట నమ్మి, ఉత్త చేతులతో వెళ్ళిపోయాడు. రాఘవులు ఆ మర్నాడు పోయాడు.

ఆ కాగితం ఉంటే బతికేవాడా అంటే నాకు తెలియదు. మీకూ తెలియదు. పన్నెండేళ్ళుగా నేను మీతో ఈ సంగతి ఎత్తలేదు. డాక్టరవుతానని పట్టుబట్టింది కూడా మీలా కావాలని కాదు నాన్నా, మీలా కాకూడదని. లోపల లోపల మిమ్మల్ని చిన్నచూపు చూశాను. మీరు ఎంతమందిని బతికించారో, వానలో గొడుగు లేకుండా ఎంతమంది ఇళ్ళకి వెళ్ళారో చూస్తూ కూడా.

ఇవాళ నేను మీకంటే ఏం తక్కువ తిన్నాను? ఆ రోజు మీకు పట్టిన భయమే నాకూ పట్టింది.

ఇక్కడ ఆపి లేచాను. నోటుబుక్కులోంచి ఒక కాగితం చింపి, జినాయిదా గారి రెండో పుస్తకంలో లాగా రాశాను. నొప్పి ఎప్పుడు మొదలైంది, ఏ బిళ్ళ, ఎన్ని గంటలకి, ఎన్ని. వేడినీళ్ళ సంచి కూడా రాశాను. కింద నా పూర్తి పేరు. డెనీస్ కోసం వెళ్ళాను.

ఇది తిరిగొచ్చి రాస్తున్నాను. గంటన్నర అయింది.

ఆవిడ కాగితాన్ని రెండుసార్లు చదివింది. కోప్పడుతుందనుకున్నాను, కోప్పడలేదు. ప్రతి మందు పేరూ మళ్ళీ అడిగి కంప్యూటర్‌లో ఎక్కించింది. అమృతకి ఫోన్ చేసి ఖాళీ అట్టల ఫోటోలు తెప్పించాను. "ఆ యాంటీబయాటిక్ వల్ల క్రిములు పెరగలేదన్నమాట. ఇన్ని నొప్పి బిళ్ళలంటే కిడ్నీల సంగతీ కొంత అర్థమైంది" అంది. అప్పటికప్పుడే సర్జన్‌కి ఫోన్ చేసింది, కిడ్నీ డాక్టరుని పిలిపించింది. ఒక మందు ఆపారు, ఇంకొకటి మార్చారు. రేపటికి దారిలో పడకపోతే డయాలసిస్ పెడతారట. పోలీసుల సంగతి నేనే అడిగాను. "అది నా పని కాదు. నా పని ఆమె కిడ్నీలు. కానీ నువ్వు చెప్పింది, నీ పేరుతో సహా రికార్డులో రాస్తాను. దాచను" అంది. వెళ్తూ వెళ్తూ వెనక్కి తిరిగి, "గురువారమే చెప్పాల్సింది" అంది. అంతే. నాలుగు దెబ్బలు కొట్టినా బాగుండేది.

యోగానంద్ అంకుల్‌కి మెసేజ్ పెట్టాను, చెప్పేశానని. ఇంకా జవాబు లేదు. వాళ్ళ అత్తగారు ఉత్తరం తీసుకెళ్తారో లేదో కూడా తెలియదు. లేకపోతే పోస్టులో వేస్తాను.

తర్వాత పద్మ గారికి నేనే ఫోన్ చేశాను. అక్కడ రాత్రి భోజనాల వేళ. పదకొండు, ఐదు, అన్నీ చెప్పాను. డాక్టర్ని కాదని కూడా చెప్పాను. అవతల గిన్నె కింద పెట్టిన చప్పుడు వినపడింది. అప్పుడన్నారు, "నా బిడ్డ కండ్లు తెరిచేదాంక ఆడికెల్లి కదలకు. దాని పక్కపొంటి ఉండు. అది లేసినంక మళ్ళ నాకు ఫోన్ జెయ్యకు." సరే ఆంటీ అన్నాను.

ఆవిడ చెప్పినట్టే ఇక్కడే ఉన్నాను. ఇందాక లోపలికి వెళ్ళి చూశాను. సంచిలో కొంచెం మూత్రం చేరింది. పొద్దున్నటికంటే ఎక్కువా, నాకే అలా కనిపిస్తోందా, తెలియదు. డెనీస్‌ని అడిగితే తొందరపడవద్దంది. నేనింక దేన్ని చూసీ తొందరపడి సంతోషించను.

మీ సభ గురించి. తప్పకుండా మాట్లాడండి. మీలాంటివాళ్ళు లేకపోతే మన వైపు ఊళ్ళకి పొద్దుపోయాక మనిషే లేడు, అది నిజం. శిక్షణ అడగండి, గుర్తింపు అడగండి, ఫెల్డ్‌షర్ల గురించి నేను రాసిందంతా చదివి వినిపించండి. రెండో పుస్తకం సంగతి మాత్రం వదిలేయకండి. గుర్తింపు అడిగేవాళ్ళు ముందు దాన్ని అడగాలి.

అంతకంటే ముందు ఒక పని చేయండి నాన్నా. రాఘవులు భార్య లక్ష్మమ్మ ఇప్పటికీ బీపీ చూపించుకోవడానికి మీ దగ్గరికే వస్తుందని అమ్మ చెప్పింది. మీ హస్తవాసి మంచిదంటుందట. ఆమె కొట్టుకి వచ్చేదాకా ఆగకండి, మీరే వాళ్ళింటికి వెళ్ళండి. కూర్చుని ఆ రెండు రోజుల్లో ఏమేం ఇచ్చారో చెప్పండి. ఆమె పద్మ గారిలా అనొచ్చు, అంతకంటే పెద్ద మాటే అనొచ్చు. అననివ్వండి. మీకు లెక్క గుర్తులేకపోతే నాకు గుర్తుంది. మొదటి రోజు పొద్దున ఒక సూది, సాయంత్రం ఒకటి, రెండో రోజు పొద్దున ఒకటి, మధ్యాహ్నం సెలైను, అందులో ఇంకొకటి. నాకెలా తెలుసంటే, శ్రీరాములు సైకిల్ తొక్కుకుంటూ వెళ్ళాక, మీరు భోజనానికి లేచినప్పుడు, చెత్తబుట్టలోంచి ఆ నాలుగు ఖాళీ సీసాలు ఏరి, ఎవరూ చెప్పకుండానే, గౌనులో మూటగట్టుకుని వెళ్ళి కాలవలో పడేసింది నేనే. అది కూడా ఆమెకి చెప్పండి.

ఇట్లు,
ఆస్పత్రి కుర్చీ విడవకుండా కూర్చున్న
మీ పెద్దకూతురు
బాలత్రిపురసుందరి